కొత్త నత్తను కనిపెట్టిన రోజు

పదిహేనేళ్లుగా మందుల షాపులో డాక్టర్ల రాత చదువుతున్నవాణ్ణి. అలాంటివాడు లోకంలో దేన్నయినా గుర్తుపట్టగలడని నా నమ్మకం. మా ఆవిడకు మాత్రం ఆ నమ్మకం లేదు. ఆవిడ డ్రైవింగ్ స్కూల్లో కారు నడపడం నేర్పుతుంది. నాకూ నేర్పబోయి మూడో రోజున దణ్ణం పెట్టేసింది.

ఆ ఆదివారం అటక శుభ్రం చేయడం నా వంతు. తప్పించుకోవడానికి ఆవిడను సముద్రం ఒడ్డుకు తీసుకెళ్లాను. రాళ్ల మధ్య నీటిగుంటలో బొటనవేలంత నత్త కనిపించింది. పైన గుల్ల లేదు. ఒళ్లంతా నీలం, అంచు పసుపు, ఒక చివర నారింజ రంగు కుచ్చు.

"దీని పేరేంటో గంటలో చెప్తా. చెప్తే ఈ ఏడాది అటక మాటెత్తకూడదు," అన్నాను, సంచిలోంచి సముద్ర జీవుల పుస్తకం తీస్తూ.

"చెప్పలేకపోతే?"

"ఇవాళే ఎక్కుతా."

"సరే," అని రాయి మీద కూర్చుంది. అంత తొందరగా ఒప్పుకున్నప్పుడే నేను అనుమానించాల్సింది.

గుంట పక్కన బోర్లా పడుకున్నాను. పుస్తకంలో నీలం నత్తలు నలభై ఉన్నాయి. ఒక్కదానికీ ముఖం మీద కుచ్చు లేదు. తోక మీద కుచ్చున్నవాటిని చూసీ చూడనట్టు తిప్పేశాను. అల వచ్చి చొక్కా తడిపింది, పేజీలు అంటుకుపోయాయి, నేను మాత్రం కదల్లేదు.

అలా పడి ఉన్న నన్ను చూసి ఎవరో కేకేశారు. లైఫ్‌గార్డ్ ఈల ఊదుకుంటూ పరుగెత్తుకొచ్చి నా రెండు కాళ్లూ పట్టి లాగాడు.

"వదలవయ్యా! బతికే ఉన్నా! నత్తతో పనుంది!"

"పాపం, కలవరిస్తున్నాడు," అంది గుంపులో ఒక పెద్దావిడ.

పరువు కాపాడుకోవాలిగా! లేచి ఇసుక దులుపుకొన్నాను. "ఈ నత్త ఏ పుస్తకంలోనూ లేదు. కొత్త జాతి. దీనికి మా ఆవిడ పేరే పెడుతున్నా!"

అందరూ చప్పట్లు కొట్టారు. మా ఆవిడ నింపాదిగా లేచి వచ్చింది.

"ఏవండీ, దీని ముఖం ఎటుంది?"

"కుచ్చున్న వైపు. ఇందాకట్నుంచీ నన్నే చూస్తోంది."

"మరి అటు నడవదేం? గంట నుంచీ రెండో వైపుకే పోతోంది. దీనికి రివర్స్ గేర్ ఉందంటారా?"

వంగి చూశాను. రెండో చివర రెండు బుల్లి కొమ్ములు ఊపుకుంటూ నత్త తన దారిన తాను వెళ్లిపోతోంది.

ఆవిడ పుస్తకం అందుకుంది. "తల మీద కొమ్ములు, వీపు చివర కుచ్చులా మొప్పలు. మొదటి పేజీలోనే ఉందండీ. ఈ ఒడ్డున అడుగడుక్కీ కనిపిస్తుందట."

"అంటే గంటసేపు దాని వెనక భాగం చూస్తూ కూర్చున్నానా?"

"చూస్తే చూశారు. దానికి నా పేరెందుకండీ పెట్టారు?"

ఈసారి చప్పట్లు ఇంకా గట్టిగా వినిపించాయి. అవి నాకు కావు.

సాయంత్రం అటక ఎక్కాను. నా జుట్టు బూజుతో నెరిసిపోయింది. నిచ్చెన పట్టుకుంటానన్న మనిషి కుర్చీలో కూర్చుని ఆ పుస్తకమే చదువుతోంది.

"అంత దీక్షగా ఏం వెతుకుతున్నావ్?"

"మీరు గుర్తుపట్టలేని ఇంకో పురుగును. వంటింటి కిటికీలు కూడా కడగాలండీ."