కింది వరుస చదవలేనివారికి

గురువారం పొద్దున్న ఏడింటికల్లా పేపరుతో పాటు తన కరపత్రం ఇంటింటికీ చేరిపోతుందనీ, తొమ్మిదింటికి దుకాణం తెరిచేసరికి మెట్ల మీద జనం బారులు తీరి ఉంటారనీ, పదింటికి భార్య ఫ్లాస్కులో టీ తెస్తే తాగే తీరిక కూడా ఉండదనీ అద్దాలాయన ముందురోజే అంతా ఊహించి పెట్టుకున్నాడు. పాపం, మూడూ నిజమయ్యాయి. ఊహించినట్టే అన్నీ జరిగినా మనిషి ఎలా మునిగిపోగలడో ఆయనను చూసి నేర్చుకోవాలి.

అద్దాలాయనది బ్యాంకు పైన మొదటి అంతస్తులో కళ్ళజోళ్ళ దుకాణం. గోడకు అక్షరాల అట్ట, దాని ఎదురుగా పరీక్ష చేసే ఎత్తు కుర్చీ, పక్కన చెక్కపెట్టెలో నంబరు ప్రకారం పేర్చిన అద్దాలు. పనిలో ఆయనకు వంక పెట్టడానికి లేదు. ఆయన చేసిన జోడు పెట్టుకున్నవాళ్ళు మళ్ళీ తలనొప్పి అన్న పాపాన పోలేదు. వచ్చిన చిక్కల్లా బ్యాంకు బోర్డు చాటున ఆయన బోర్డు కనపడక, ఆ మెట్లెక్కి పైకి వచ్చేవాళ్ళు లేకపోవడమే.

నెల కిందట ఎదురుగా రోడ్డు అవతల డేగ తన బోర్డును మూడింతలు చేయించాడు. డేగ అంటే ఎదురు కళ్ళజోళ్ళ షాపు పెద్దాయన. అరవై రెండేళ్ళొచ్చినా కంటికి అద్దం లేదని ఊరంతా ఆయనను అలా పిలుస్తారు. ఆయన బోర్డు మీద కూడా అదే ఉంటుంది: 'నా వయసు అరవై రెండు. నాకు జోడు లేదు. నన్ను నమ్మండి!' ఏటా ఆ అంకె ఒక్కటీ చెరిపి కొత్తగా రాయిస్తాడు. జోళ్ళు అమ్ముకునేవాడు జోడు లేదని గొప్పలు చెప్పుకోవడం ఏమిటని ఒక్కరూ అడగలేదు. అడక్కపోగా అందరూ అక్కడికే పోతున్నారు.

ఈ సంగతి బావమరిది చెవిన పడింది. అతనికి సిమెంటు గోడౌను ఉంది. పోయిన ఆదివారం వచ్చి, కుర్చీని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"బావగారూ, దీంట్లో ఈగ తప్ప ఇంకెవరైనా కూర్చుంటున్నారా? నా మాట వినండి. గోడౌనులో బస్తాలు చూసుకునే మనిషి కావాలి. నీడపట్టున ఉంటారు."

అద్దాలాయనకు ఒళ్ళు మండింది. బావమరిది దగ్గర బస్తాలు లెక్కపెట్టే బతుకు తలుచుకుంటేనే ఆయనకు గొంతులో సిమెంటు పడ్డట్టయింది. "శనివారం సాయంత్రం ఐదింటిదాకా ఆగు! కొత్తమనిషి, ఒక్కడంటే ఒక్కడు, ఈ కుర్చీలో కూర్చుని జోడు చేయించుకోకపోతే సోమవారం నుంచి నీ గోడౌను తాళాలు నా మొలకు కట్టుకుంటాను!" అనేశాడు. అనేశాక భార్య మొహం చూశాడు. ఆమె దణ్ణం పెట్టుకుంటున్నట్టు కళ్ళు మూసుకుంది.

అలా పుట్టింది కరపత్రం. మూడు రాత్రులు తల బద్దలు కొట్టుకుని ఆయనే తయారు చేశాడు. ప్రెస్సువాడు ఏదో చెప్పబోతే, "నీకు తెలియదులేవయ్యా, ఇది మా వృత్తి రహస్యం" అని నోరు మూయించాడు. రెండు వేల కాగితాలు వచ్చాక ఒకటి భార్య చేతిలో పెట్టి, పెళ్ళిచూపుల్లో పిల్లాడిలా నిలబడ్డాడు.

కరపత్రం అచ్చంగా కళ్ళు పరీక్షించే అట్టలాగే ఉంది. పైన చెయ్యంత అక్షరాల్లో 'ఇది చదవగలరా?' అని. దాని కింద కాస్త చిన్నగా 'కంటి పరీక్ష మూడు రోజులు ఉచితం'. ఇంకా చిన్నగా 'కింది వరుస చదవలేకపోతున్నారా? వెంటనే మా దగ్గరకు రండి'. ఆ కింద, చీమలు బారు కట్టినట్టు ఒక్క వరుస.

"బాగుంది గానీ ఏవండీ, అడ్రసు ఎక్కడా కనపడదేం?" అంది భార్య.

అద్దాలాయన చప్పట్లు కొట్టాడు. "కనపడలేదా! చూశావా, ఇంట్లోనే మొదటి గిరాకీ తగిలింది. ఆ కింది వరుసే అడ్రసు. అది కనపడనివాళ్ళంతా మన దగ్గరకు రావలసిందే!"

ఆమె ఏదో అడగబోయి, కుక్కరు కూత పెట్టడంతో లోపలికి వెళ్ళిపోయింది.

గురువారం తొమ్మిదింటికి నిజంగానే మెట్ల మీద పాతికమంది ఉన్నారు. అద్దాలాయన గుండె పూరీలా పొంగింది. మొదట లోపలికి వచ్చినవాడు బస్సు కండక్టరు. వస్తూనే కరపత్రాన్ని చాచిన చేత్తో పట్టుకుని, పై నుంచి కింది దాకా ఒక్క గుక్కలో చదివేశాడు. కింది వరుసతో సహా.

"ప్యాసయ్యాను కదండీ. బహుమతి ఏదీ?"

"బహుమతేమిటి? నీ కళ్ళు బంగారంలా ఉన్నాయి. నీకు జోడు అక్కర్లేదు."

"ఆ సంగతి నాకు తెలీదా? పరీక్ష పెట్టారు, ప్యాసయ్యాను. ఊరికే పంపిస్తారా?"

వెనక నిలబడినవాళ్ళు కూడా, "మేమూ చదివేశాం!" అని అరిచారు. పాతికమందిలో ఒక్కడికి కూడా చూపు మందగించలేదు. "మోసం! పేపర్లో వేయిస్తాం!" అని ఎవరో అనేసరికి అద్దాలాయనకు చెమటలు పట్టాయి. గొడవ ఎందుకులే అని, జోడుతో పాటు ఇచ్చే తుడుచుకునే గుడ్డ ఒకటి తీసి కండక్టరు చేతిలో పెట్టాడు. అదే ఆయన చేసిన రెండో తప్పు. చదివితే గుడ్డ ఇస్తున్నారన్న కబురు కండక్టరు ఎక్కిన బస్సుతో పాటే ఊరంతా తిరిగింది. మధ్యాహ్నానికి గుడ్డలు అయిపోయాయి. సాయంత్రానికి భార్య ఇంటి నుంచి పాత కిటికీ తెర తెచ్చి, కత్తెర పట్టుకుని ముక్కలు కత్తిరించడం మొదలుపెట్టింది.

"ఏవండీ, ఒక్క మాట అడుగుతాను, కోప్పడకండి," అంది కత్తిరిస్తూనే. "కింది వరుస చదవగలిగినవాళ్ళకు జోడు అక్కర్లేదు. జోడు కావలసినవాళ్ళు కింది వరుస చదవలేరు. మరి వాళ్ళకు మన అడ్రసు తెలిసేదెలా?"

అద్దాలాయన గోడ మీది అట్టకేసి, చేతిలోని కరపత్రానికేసి మార్చి మార్చి చూశాడు. తర్వాత ఎత్తు కుర్చీలో తనే కూలబడ్డాడు.

"ఆ కుక్కరు ఒక్క నిమిషం ఆలస్యంగా కూత పెట్టకూడదూ!" అన్నాడు చివరికి.

శుక్రవారం పొద్దున్నే ఆయన కింద ఫుట్‌పాత్ మీద కాపు కాశాడు. కరపత్రాన్ని దూరంగా పట్టుకుని, కళ్ళు చికిలించి, తల వెనక్కి వాల్చి చూసేవాళ్ళే ఆయనకు కావలసినవాళ్ళు. ఎంతోసేపు పట్టలేదు, ఒక ముసలమ్మ దొరికింది.

"అమ్మా, ఆ కాగితం మాదే. మెట్లెక్కి పైకి రండి."

ముసలమ్మ ఆయనను ఎగాదిగా చూసింది. "నన్ను వెర్రిదాన్ని చేద్దామనా? ఇటు బ్యాంకు, అటు చూస్తే కళ్ళజోళ్ళ షాపు. అంత పెద్ద బోర్డు కనపడుతుంటే నీ వెంట పడి మెట్లెందుకెక్కాలి నాయనా? ఈ మధ్య బ్యాంకు దగ్గర దొంగలు కూడా తిరుగుతున్నారట!" అని సంచీ గుండెకు హత్తుకుని, చకచకా రోడ్డు దాటి డేగ షాపులో దూరింది. ఆ రోజంతా అంతే. కళ్ళు కనపడని ప్రతివాడూ కాగితం పట్టుకుని డేగ దగ్గరకే పోయి, "పరీక్ష ఉచితమట కదా" అని కుర్చీలో కూర్చున్నాడు. ఇక్కడ పైన మాత్రం చూపు బ్రహ్మాండంగా ఉన్నవాళ్ళు తెరగుడ్డ ముక్క కోసం క్యూ కట్టారు. రెండో తెర కూడా అయిపోయి, భార్య దుప్పటి దాకా వచ్చింది.

శనివారం నాలుగున్నరకు మెట్ల మీద నలభై మంది ఉన్నారు. అద్దాలాయన ముందు తలుపు గడియ వేసుకుని కుర్చీ తుడుస్తున్నాడు. సోమవారం నుంచి దాన్ని ఎవరు తుడుస్తారా అని ఆయనకు దిగులుగా ఉంది. పదిహేనేళ్ళ కిందట ఆ అద్దాల పెట్టె కొన్నప్పుడు భార్య దాన్ని ఒళ్ళో పెట్టుకుని బస్సులో తెచ్చింది, ఒక్క అద్దం పగలకుండా. అది గుర్తొచ్చి కళ్ళు చెమ్మగిల్లాయి.

సరిగ్గా అప్పుడే వెనక తలుపు చప్పుడయింది. చెత్త తీసుకుపోవడానికి తప్ప ఎవరూ వాడని వెనక మెట్ల మీద, రొప్పుతూ డేగ నిలబడి ఉన్నాడు. చేతిలో కరపత్రం.

"ఎవరూ లేరు కదా?" అన్నాడు లోపలికి తొంగిచూస్తూ. "నీ షాపు ఎప్పుడూ ఖాళీయేనని ధైర్యం చేసి వచ్చాను. ఏమయ్యా, మూడు రోజుల నుంచీ ఊరి వాళ్ళందరికీ తల బయట పెట్టే తీరిక కూడా లేకుండా ఉచితంగా పరీక్షలు చేసి చేసి నా నడుం పడిపోయింది. మొదట ఈ కాగితం మా అల్లుడు నాకు చెప్పకుండా వేయించాడేమో అనుకుని మురిసిపోయాను. ఇవాళ ఫోను చేస్తే, నాకేం తెలీదు మామగారూ అన్నాడు. ఏ వెధవ వేయించాడో గానీ, వాణ్ణి నిలువునా పాతేస్తాను!"

అద్దాలాయన నోట్లో పచ్చి వెలక్కాయ పడింది. "మరి... కింద అడ్రసు ఉంటుంది కదండీ," అన్నాడు నీళ్ళు నములుతూ.

డేగ కరపత్రాన్ని ముందుకు జరిపాడు, వెనక్కి జరిపాడు. "నా కళ్ళకేం, డేగ కళ్ళు. పొద్దున ఏదో నలుసు పడింది. షాపులో పనిచేసే అమ్మాయిని చదవమంటే ఏమనుకుంటుందో ఏమో. మనం మనం ఒక వృత్తి వాళ్ళం, కాస్త నువ్వు చదివి పెట్టు."

వెనక గదిలో కత్తెర చప్పుడు ఆగిపోయింది. అద్దాలాయన గడియారం చూశాడు. నాలుగూ నలభై. కుర్చీ చూశాడు. వెతకబోయిన తీగ కాలికే తగిలింది, కానీ దాని ముల్లు కూడా కనపడుతూనే ఉంది.

"నేను చదివితే ఏం బాగుంటుందండీ. మీరే చదువుకోండి. రండి, కూర్చోండి. నలుసేమిటో చూద్దాం."

డేగ కాస్త బెట్టు చేసి కూర్చున్నాడు. అద్దాలాయన బరువైన పరీక్ష ఫ్రేమును ఆయన ముక్కు మీద పెట్టి, పెట్టెలోంచి ఒక్కొక్క అద్దమే తీసి వేస్తూ వచ్చాడు. సరైన నంబరు ఏదో ఆయనకు రెండో నిమిషంలోనే తెలిసిపోయింది. ఆ అద్దం వేస్తే డేగ చదువుతాడు, చదివితే పాతేస్తాడు. వేలు పక్క గడిలోని తప్పు నంబరు మీద ఒక్క క్షణం ఆగింది. కానీ ఆ చేతికి తప్పు అద్దం వేయడం ఎప్పుడూ అలవాటు లేదు. భగవంతుడా అనుకుని సరైనదే వేశాడు.

డేగ ముందు తన గోళ్ళు చూసుకున్నాడు. చొక్కా బొత్తాం చూసుకున్నాడు. "ఓరి నీ! దీనికి నాలుగు రంధ్రాలున్నాయా!" అన్నాడు చిన్నపిల్లాడిలా. ఆ తర్వాత కరపత్రం తీసి, కింది వరుస గట్టిగా చదివాడు. "బ్యాంకు పైన... మొదటి అంతస్తు..."



"నువ్వా!" అని కుర్చీలోంచి లేవబోయి, ఫ్రేము జారుతుంటే చేత్తో పట్టుకుని మళ్ళీ కూర్చున్నాడు. అరుద్దామంటే, ఆ అడ్రసు తాను ఎలా చదివాడో చెప్పుకోవలసి వస్తుంది. తేలు కుట్టిన దొంగలా తలుపుకేసి ఓసారి చూశాడు. తర్వాత గొంతు తగ్గించాడు.

"చూడు నాయనా. నేను ఇక్కడికి రాలేదు. నువ్వు నన్ను చూడలేదు. ఈ నంబరుతో జోడు చేసి, వెనక మెట్ల మీద పెట్టెయ్. నా ఇంటి గుమ్మం దాటి దాన్ని బయటికి తీయను. ఈ విషయం ఊళ్ళో ఒక్క కంట పడిందంటే నా బోర్డు ఏం కావాలి?"

"అయ్యో, ఒక్క కంట కూడా పడదండీ," అని అద్దాలాయన మనస్ఫూర్తిగా మాట ఇచ్చాడు.

సరిగ్గా ఐదింటికి, బావమరిది తాళాల గుత్తి గలగలలాడించుకుంటూ, క్యూను తోసుకుని పైకి వచ్చాడు. గడియ వేసి ఉండటం చూసి, బావగారు సిగ్గుపడి దాక్కున్నారనుకుని, భుజంతో తలుపును ఒక్క తోపు తోశాడు. పాత గడియ ఊడివచ్చింది. అతని వెనకే నలభై మంది గుమ్మంలోకి తోసుకువచ్చి నిలబడ్డారు. ఎత్తు కుర్చీలో, ముక్కు మీద పరీక్ష ఫ్రేముతో, చేతిలో కరపత్రంతో డేగ.

నలభై మంది. వాళ్ళలో ఒక్కరి చూపుకూ వంక లేదు. చీమలంత అక్షరాలు చదివి గుడ్డముక్క గెలుచుకోవడానికి వచ్చినవాళ్ళు. వాళ్ళ కళ్ళు కప్పడం ఎవరి తరం?

"డేగ గారండోయ్!" అన్నాడు కండక్టరు. రెండో గుడ్డ కోసం మళ్ళీ వచ్చాడు. "తమరు జోడు చేయించుకునేది ఇక్కడా!"

డేగ ఫ్రేము తీసి ఒళ్ళో దాచుకున్నాడు. బావమరిది తాళాల గుత్తిని మెల్లగా జేబులో వేసుకుని, "అక్కా, ఇన్ని మెట్లెక్కి వచ్చాను, కాస్త మంచినీళ్ళివ్వు," అన్నాడు. అక్క నీళ్ళు తెచ్చింది. గ్లాసు అందిస్తూ నవ్వు ఆపుకోలేక సగం ఒలికించింది.

కండక్టరు మర్నాడు మొదటి బస్సులోనే పని మొదలుపెట్టాడు. 'జోళ్ళు అమ్మే డేగే ఎవరి దగ్గర జోడు చేయించుకున్నాడో తెలుసా?' అన్న ప్రశ్న సోమవారం నాటికి ఊళ్ళో అందరి నోటా వినపడింది. మంగళవారం ముసలమ్మ సంచీతో సహా మెట్లెక్కి వచ్చి, "ఆ రోజే చెప్పొచ్చు కదయ్యా!" అని అద్దాలాయననే తిట్టి కూర్చుంది. డేగ బోర్డు మీద మధ్య వాక్యానికి సున్నం కొట్టించాడు. ఆయన జోడు రెండు నెలలు ఇంట్లోనే ఉండి, తర్వాత సిగ్గు విడిచి షాపుకు వచ్చింది.

చేతినిండా పని దొరికాక అద్దాలాయనకు మళ్ళీ ఉత్సాహం వచ్చింది. ఈసారి కరపత్రంలో అడ్రసు అరచెయ్యంత అక్షరాలతో, ఈ చివర నుంచి ఆ చివరకు నిండుగా వేయించాడు. అక్కడ అమ్మేదేమిటో వేయడానికి మాత్రం చోటు మిగల్లేదు.