412వ లైనులో ఎర్నమ్మ

రేషన్ యంత్రానికి రాసిన కెర్నల్ ప్యాచ్‌లో, 412వ లైను మీద ఒక ముసలావిడ సంచీ పరుచుకుని కూర్చోవడం వల్ల సోమవారం ఉదయం నుంచి బిల్డ్ ఆగిపోయింది.

ఆ ప్యాచ్ రాసిన గొర్లె మాధురి ఆరేళ్లుగా పౌరసరఫరాల శాఖలో కాంట్రాక్టు ఇంజనీరు. కెర్నల్ అంటే యంత్రం లోపలి ప్రాణం. అది లేవకపోతే పైన ఏదీ లేవదు. కొత్త వేలిముద్ర పరికరాలు వచ్చాయి, వాటికి సరిపడా కెర్నల్‌కి ఒక ప్యాచ్, అంటే అతుకు, వేయమన్నారు. రాసినదాన్ని యంత్రం నడపగల రూపంలోకి మార్చడమే బిల్డ్; అది చేసిపెట్టే కంపైలర్‌ని మాధురి మార్చి చూసింది. పాతదంతా తుడిచేసి మొదటినుంచి నడిపి చూసింది. ప్రతిసారీ తెర మీద అవే ఎర్రక్షరాలు: "412వ లైను: ఇక్కడ మనిషి ఉన్నారు." చివరికి ఫైలు తెరిచి చూసింది. ఉన్నారు.

"ఎవరండీ మీరు?"

"తామాడ ఎర్నమ్మని తల్లీ. పలాసకాడ జీడిపిక్కలు కొడతాను." ఆవిడ చేతులు చాపింది. జీడిరసం తినేయడంతో పది వేళ్లూ గీతలు పోయి లాంతరు గాజులా నున్నగా ఉన్నాయి.

"ఇందులోకి ఎలా వచ్చారు?"

"మూణ్ణెల్లయింది, మిసను నా ఏలు పట్టనేదు. డీలరుబాబు నా సేతిలో నేదు, పైన అడుగన్నాడు. పైకెల్తే ఇంకా పైకెల్లమన్నారు. ఆ పైవోలు మా సేతిలో ఏటీ నేదు, అంతా మిసన్లోనే ఉందన్నారు. మరి మిసన్లోకే వచ్చీసినాను."

ఈ జవాబులో మాధురికి తప్పేమీ కనిపించలేదు. లోపాల ఫారంలో 'ఆటంకం స్వభావం' అన్నచోట దుమ్ము, వేడి, మనిషి అని మూడు గళ్లున్నాయి. మూడో గడిలో టిక్కు పెట్టింది.

తర్వాత పద్నాలుగు లైన్లు రాసింది. వేలిముద్ర పడనివారికి కార్డు చూసి బియ్యం ఇవ్వవచ్చునని వాటి సారాంశం. రాయడానికి గంట కూడా పట్టలేదు. ఎర్నమ్మ లేచి సంచీ దులుపుకుంది. బిల్డ్ మొదటిసారి చివరిదాకా నడిచింది.

జాయింట్ డైరెక్టర్ సదాశివమూర్తి వచ్చి, కళ్లజోడు సర్దుకుని, ఆ పద్నాలుగు లైన్లూ రెండుసార్లు చదివాడు.

"వేలు లేకుండా బియ్యం ఇచ్చేస్తే ఇక యంత్రం ఎందుకమ్మా? ఇది పాలసీ. మనది టెక్నికల్. తీసెయ్."

"తీస్తే ఆవిడ మళ్లీ కూర్చుంటారు సార్."

"కూర్చోనీ. కామెంట్‌లో కూర్చోబెట్టు."

కామెంట్ అంటే ప్రోగ్రాంలో రెండు గుర్తుల మధ్య రాసి ఉంచే మాట. మనుషులు కావాలంటే చదువుకోవచ్చు. యంత్రం మాత్రం చదవదు.

"ఆవిణ్ణి బయటికి పంపిస్తే ఫిర్యాదవుతుంది," అన్నాడాయన నెమ్మదిగా. "ఇది పంపించెయ్యడం కాదు కదా. ఉంటుంది."

మాధురి కాంట్రాక్టు పొడిగింపు కాగితం ఆయన టేబుల్ మీద సంతకం కోసం పడి ఉంది. దాని ఊసు ఆయన ఎత్తలేదు. ఆమె కూడా ఎత్తలేదు.

తన సీటుకి వచ్చి పద్నాలుగు లైన్లూ చెరిపేసింది. ఎర్నమ్మ మళ్లీ సంచీ పరుచుకుని కూర్చుంది.

"మామ్మగారూ, కొంచెం ఇటు జరుగుతారా?"

"ఇదీ లైనేనా తల్లీ?"

"లైనేనండీ."

"అయితే సరే." ఆవిడ సంచీ తీసుకుని బుద్ధిగా జరిగింది. "నా వొంతు ఎప్పుడొస్తాది?"

మాధురి మొదటి గుర్తు పెట్టింది. రెండో గుర్తు పెట్టే ముందు వేలు మీట మీద చాలాసేపు ఆగింది. పెట్టాక కూడా ఎర్నమ్మ పెదాలు కదులుతూనే ఉన్నాయి గాని మాట వినిపించలేదు. బిల్డ్ నాలుగు నిమిషాల్లో పూర్తయింది.

యంత్రాలు అన్ని దుకాణాలకీ వెళ్లాయి. పై నెలలో ఫైలులోకి మరో రెండు వేల మంది వచ్చారు. రాళ్లు కొట్టేవాళ్లు, సున్నం పనివాళ్లు, ఇళ్లలో గిన్నెలు తోమేవాళ్లు. అందరికీ కామెంట్‌లో చోటు దొరికింది. వాళ్ల వల్ల యంత్రం బరువు ఒక్క గ్రాము కూడా పెరగలేదు. తాను చదివిన వారందరినీ యంత్రం నూటికి నూరుపాళ్లు గుర్తుపట్టిందని వార్షిక నివేదికలో వేశారు. అది అబద్ధం కాదు.

మాధురికి మూడేళ్ల పొడిగింపు వచ్చింది. కొత్తగా చేరిన నలుగురు ఇంజనీర్లకు ఇప్పుడు ఆమే పని నేర్పుతోంది. మనిషి కనిపిస్తే కంగారుపడొద్దని, మర్యాదగా జరగమంటే జరుగుతారని, గుర్తులు రెండూ మరవకుండా పెట్టాలని చెప్పింది.

"పేరు మాత్రం అడగొద్దు," అంది. "అడిగితే బిల్డ్ ఆలస్యమవుతుంది."

నలుగురూ రాసుకున్నారు.