టాబ్లెట్ చార్జయ్యేదాకా స్నానం వద్దు

2012 ఆగస్టు నెలాఖరున, గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ ఆగయ్య పొద్దుటి షిఫ్టు ముగించుకుని బొగ్గు గని నుంచి రిటైర్ అయ్యాడు. అదే నెలలో నేను టాబ్లెట్ కంప్యూటర్ కొన్నాను. రెండోది జరగకపోతే మొదటిదానికి ఏ విలువా ఉండేది కాదని నా వాదన.

ముందు టాబ్లెట్ సంగతి. సెల్‌ఫోన్ జేబులో పడుతుంది. కొన్నట్టు ఎవరికి తెలుస్తుంది? టాబ్లెట్ ఏ జేబులోనూ పట్టదు. దాన్ని చేత పట్టుకునే కూరగాయలకు వెళ్లాను. బెండకాయలు ఒంటిచేత్తో ఏరుకున్నాను. మార్కెట్ మొత్తానికి తెలిసింది. కూరగాయలమ్మే ఐలవ్వ మాత్రం, "పలక పట్టుకొచ్చినవ్, బడి పెడ్తున్నవా సార్?" అని అడిగింది.

ఇక ఆగయ్య సంగతి. గనిలోకి కెమెరా తీసుకుపోనివ్వరు. ఆగయ్య పైకి రాగానే గని దగ్గరే స్నానం చేసి, తెల్లచొక్కా తొడుక్కుని ఇంటికి వస్తాడు. పెళ్లయిన నాటి నుంచి భార్య సమ్మవ్వ ఆయన్ను మసి మొహంతో చూడలేదు. అందుకే ఆఖరి డ్యూటీనాడు ఆమె ఒకటే షరతు పెట్టింది.

"కడుక్కోకుంట రా. లోపల నువ్వెట్లుంటవో ఒక్క ఫొటువన్న ఉండాలె. రేపటి సంది నీకు మసెక్కడిది?"

ఫొటోకు స్టూడియో సదానందాన్ని మాట్లాడుకున్నారు. నేనే వద్దన్నాను. ఆయన తీస్తే ఫొటో రేపు చూస్తాం. టాబ్లెట్‌లో తీస్తే అప్పుడే చూస్తాం. రేపటిదాకా ఆగే కాలమా ఇది?

తోటి కార్మికులు డప్పులతో ఆగయ్యను ఊరేగింపుగా తెచ్చారు. మెడలో దండలు, నెత్తిన గులాల్, మొహం నిండా మసి. సమ్మవ్వ గుమ్మంలో నిలబడి చూసింది. నేను టాబ్లెట్ తెరిచాను. చార్జింగ్ లేదు. ఊరేగింపు కోసం ఎదురుచూస్తూ చుట్టాలందరూ అందులో ఆటలాడారు.

ఇది లోపమని కొందరంటారు. నేననను. ఫోన్‌కు గంటలో చార్జింగ్ అవుతుంది. టాబ్లెట్‌కు మధ్యాహ్నమంతా పడుతుంది. చుట్టాలను ఒకచోట కూర్చోబెట్టే శక్తి ఇంకే యంత్రానికుంది? మటన్ ఉడికింది. ఆకులు వేశారు. ఎవరూ తినలేదు. ఆగయ్య మంచం మీద కూర్చుని దురద పెట్టిన చోటల్లా గోక్కున్నాడు.

"జర కడుక్కొస్తనే," అన్నాడు.

"కూసో బావా," అన్నాడు బావమరిది రాయమల్లు. "గని డ్యూటీ అయిపోయింది. ఇది చార్జింగ్ డ్యూటీ. దీనికి రిలీవరు లేడు."

"మొహం తుడుసుకున్నవో, నీకు బువ్వ లేదు," అంది సమ్మవ్వ.

పొద్దు వాలేలోగా టాబ్లెట్ వెలిగింది. అప్పుడు దాని అసలు విశేషం బయటపడింది. కెమెరా వెనక లేదు. తెర ఉన్న వైపే ఉంది. తీసేవాడికి ఏమీ కనిపించదు. ఫొటోలో పడేవాడికి అంతా కనిపిస్తుంది. ఇంతకు మించిన ప్రజాస్వామ్యం ఉంటుందా? నొక్కే బటనూ అటువైపే ఉంది. కనుక నేను తెరను ఆగయ్య వైపు తిప్పి పట్టుకున్నాను. నొక్కే పని సమ్మవ్వకు అప్పగించాను.

నొక్కింది. టాబ్లెట్ తొందరపడే వస్తువు కాదు. కాసేపు ఆలోచించి తీస్తుంది.

అది ఆలోచిస్తుండగా ఆగయ్య తెరలో తన మొహం చూసుకున్నాడు. గని స్నానాల దగ్గర ఒక అద్దం ఉంటుంది. అందులో మసి కనిపిస్తే చెయ్యి భుజం మీది తువ్వాల మీదికి పోవడం ఆయనకు సర్వీసంతా అలవాటు. చెయ్యి పోయింది. తువ్వాల మొహం మీదికి వచ్చింది. నుదుటి నుంచి గడ్డం దాకా ఒకే ఊపులో తుడిచాడు. తువ్వాల ముక్కు దాటుతుండగా క్లిక్‌మంది.

అందరూ తెర మీదికి వంగి చూశారు.

"పొయ్యి కాడ బొగ్గున్నది అక్కా, నూరి పూద్దామా?" అన్నాడు రాయమల్లు.

"పొయ్యి బొగ్గు పూస్తే డ్యూటీ మసి అయితదారా?" అంది సమ్మవ్వ.

ఆగయ్య తువ్వాల వంక చూశాడు. "అద్దమనుకున్ననే," అన్నాడు.

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకున్నాం. నవ్వుతోంది. "పో, పొయి తానం చెయ్. బువ్వ సల్లారిపోతుంది."

మరునాడు ఫొటో ప్రింటుకు నేనే వెళ్లాను. సదానందం దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"ఇందుల మనిషేడి సార్?"

"వెనక ఉన్నాడు," అన్నాను.

టాబ్లెట్ గొప్పతనం ఇంకా చాలా ఉంది. స్థలాభావం వల్ల ఫొటో సంగతి చెప్పి ఆపుతాను. దానికి ఫ్రేము కట్టించి సమ్మవ్వ ముందుగదిలో పెట్టింది. అందులో నల్లబడిన తువ్వాల, దాని పైన రెండు కళ్లు, ఒక మూలన ఆమె వేలు ఉన్నాయి.