గ్వెండా టోల్‌హర్స్ట్ ఉత్తుత్తి నేరం

పచ్చిక మీద బంతులు దొర్లించుకునే మా బిండరూ బౌల్స్ క్లబ్బు కార్యదర్శి క్లారీకి ఎడమ చెవిలో యంత్రం, కుడి చెవి మీద నమ్మకం ఉన్నాయి. మొన్న మంగళవారం కుడి పక్కన కూర్చున్న గ్వెండా టోల్‌హర్స్ట్ చిప్స్ నములుతూ, "నిన్న ఉత్తుత్తి డాలర్లు నాలుగు లక్షలు పోయాయి క్లారీ" అంది. ఆయనకు "ఒత్తి ఒత్తి" అని వినబడింది. ఒత్తేది ఏమిటో మా ఊళ్ళో చెప్పనక్కర్లేదు. క్లబ్బు వెనక హాల్లో నలభై పోకీ యంత్రాలున్నాయి. డబ్బు వేసి, మీట ఒత్తి, బొమ్మలు గిర్రున తిరుగుతుంటే చూస్తూ కూర్చోవాలి. అదే ఆట.

చిక్కేమిటంటే, పందొమ్మిదేళ్ళుగా శుక్రవారం మాంసం లాటరీలో చీట్ల పీపా తిప్పేది గ్వెండాయే. మాంసపు ముక్కలూ సాసేజిలూ పేర్చిన పళ్ళెం ఎవరికి దక్కాలో తేల్చే పవిత్ర హస్తం అది. భర్త పోయాక ఆమెకు వారంలో శుక్రవారమొక్కటే రోజు, తక్కినవి తేదీలు. అలాంటి లాటరీ ఒక జూదగత్తె చేతిలోనా? ఆమెను తప్పించాలని అత్యవసర సభ పిలిచాం.

సభ్యులందరూ ఎలాగూ అక్కడే ఉన్నారు కనుక సభ పోకీల హాల్లోనే పెట్టాం. మీటలు ఒత్తేవాళ్ళ మీటింగు మరి! యంత్రాన్ని వదిలి మూడు నిమిషాలు దాటితే ఇంకొకరు ఆక్రమించవచ్చునన్నది నిబంధన. అందుచేత సభ మూడేసి నిమిషాల ముక్కలుగా దిగ్విజయంగా సాగింది.

అధ్యక్షులు రోలాండ్ పిగాట్ గారు గొంతు సవరించుకున్నారు. "సభ్యులారా! జూదం ఈ గుమ్మం తొక్కడానికి వీల్లేదు! జూదం వేరు, వినోదం వేరు. మనం ఒత్తిడి తగ్గించుకోవడానికి ఒత్తుతాం. యంత్రాల రాబడితో వేసిన ఈ కొత్త పైకప్పు ఎవరి బొటనవేళ్ళ కష్టం? మనది!"

అందరం గర్వంగా తలలెత్తి చూశాం. అందులో ఆరు రేకులు నావి. ఈలోగా అధ్యక్షులు పరుగున వెళ్ళి ఒకసారి ఒత్తి వచ్చారు.

"అమ్మా గ్వెండా, నాలుగు లక్షలు ఎక్కడివి? ఇల్లు గానీ అమ్మేశావా?"

"నా కొంపకు నాలుగు లక్షలిచ్చే వెర్రివాడెవడయ్యా? ఉత్తుత్తివి అన్నాను, ఒత్తి ఒత్తి కాదు! ఓరి చెవిటి మాలోకం!" క్లారీ ముక్కు కింద ఫోను ఆడించింది. "ఇదిగో, ఫోనులో ఆట. పొద్దున్న ఆ ఆట పెట్టినవాడే పది లక్షలు ఊరికే పోస్తాడు, సాయంత్రానికి వాడే ఊడ్చుకుపోతాడు. నా పర్సు వంటింట్లోంచి కదలదు."

"గెలుస్తుంటావా?" క్లారీ మెల్లగా అడిగాడు.

"తెగ గెలుస్తాను. వాడి సొమ్మేం పోయింది, ధారాళంగా గెలిపిస్తాడు. ఆ ధీమాతో ఇక్కడికొచ్చి కూర్చుంటే మాత్రం నిండా మునుగుతాను. అందుకే ఈ హాల్లో అడుగు పెట్టను. ఇవాళ మీరే ఈడ్చుకొచ్చారు."

అధ్యక్షులకు తల తిరిగింది. "అంటే, ఓడితే పోదా?"

"పోదు."

"గెలిస్తే రాదా?"

"రాదు."

సభ ఘొల్లుమంది. అధ్యక్షులు అందుకున్నారు. "రానిదాని కోసం గంటలకొద్దీ కూర్చుంటావా? మతి ఉన్న మనిషి చేసే పనేనా?"

"నీకెంతొచ్చింది రోలీ?" గ్వెండా అధ్యక్షుల వైపు తిరిగింది.

మూడు నిమిషాలయ్యాయంటూ అధ్యక్షులు మళ్ళీ తన యంత్రం దగ్గరికి పరుగెత్తారు.

పీపా గ్వెండాకే వదిలేస్తూ ఏకగ్రీవంగా తీర్మానించాం. ఇకపై ఎవరికీ మరోలా వినబడకుండా తేడాను పెద్దక్షరాలతో రాసి నోటీసు బోర్డుకు అంటించాం: 'గ్వెండా ఆటలో రాకా లేదు, పోకా లేదు. మన ఆటలో రాక మాత్రమే లేదు. అందుకే దీన్ని పోకీ అంటారు.'