కాకులు రాని శుక్రవారం

సోమవారం పొద్దున్నే ధనరాజు ఒక కొత్త నోటుబుక్కు తెరిచి, మొదటి పేజీలో 'సమస్య: కాకులు' అని రాశాడు.

సమస్య చిన్నదేమీ కాదు. అతని భార్య కుమారి మేడ మీద మినప అప్పడాలు ఎండబెడుతుంది. గేట్ బజార్‌లో కిరాణా కొట్టున్న లోకనాథ్ మూడు వందల అప్పడాలు కావాలని చెప్పాడు. శుక్రవారం మధ్యాహ్నం తనే వచ్చి చూస్తానని, నచ్చితే ప్రతి వారం తీసుకుంటానని అన్నాడు. పదేళ్లుగా ఇరుగుపొరుగుకు ఊరికే పంచిపెట్టిన ఆమెకు ఇది మొదటి బేరం. అలాంటిది ఆదివారం ఒక్కరోజే కాకులు నలభై అప్పడాలు ఎత్తుకుపోయాయి.

"కర్రట్టుకుని నాను కూకుంటాను. మీరు కొట్టుకి ఎల్లండి," అంది కుమారి.

"కర్రతో ఎన్నాళ్లు తోల్తావు? ఒకటొకటీ సేసి సూడాల. ఏది పన్జేస్తే అది," అన్నాడు ధనరాజు. బట్టల కొట్టులో గుమాస్తా అయినా తనలో ఒక శాస్త్రవేత్త ఉన్నాడని అతనికి ఎప్పటినుంచో అనుమానం. వారం రోజులు సెలవు పెట్టేశాడు.

మొదటి ప్రయోగంగా కర్రకు తన నల్లచొక్కా తొడిగి, పైన కుండ బోర్లించాడు. మధ్యాహ్నానికి కాకులు దాని భుజాల మీద కూర్చుని, తీరిగ్గా అప్పడాలు ఎంచుకోసాగాయి. ఎదురింటి పుణ్యవతి అది తమ మీద చేసిన చేతబడి అనుకుని, గుమ్మానికి నిమ్మకాయలు కట్టి, కుమారితో మాట్లాడటం మానేసింది.

మంగళవారం రెండో ప్రయోగం. ధనరాజు తల్లి కాసమ్మ పుట్టిల్లు సముద్రం ఒడ్డున పల్లె. అక్కడున్న మేనమామ దగ్గర్నుంచి పాత వల తెచ్చి అప్పడాల మీద పరిచాడు. చేపల వాసనకు కాకులు రెట్టింపయ్యాయి, నాలుగు పిల్లులు కూడా చేరాయి. ఆ రోజు సరుకంతా పిల్లులకే పెట్టాల్సి వచ్చింది.

"నా తమ్ముడి వలకి వంక పెడతావేట్రా?" అని కాసమ్మ అలిగింది.

బుధవారం మూడో ప్రయోగానికి ఫోన్లో ఆపదలో పడ్డ కాకి అరుపు దొరికింది. అది వింటే మిగతావి హడలి పారిపోతాయని స్పీకరుకు పెట్టాడు. చుట్టుపక్కల కాకులన్నీ పరామర్శకు వచ్చాయి. ఒక్కటీ ఉత్త నోటితో తిరిగి వెళ్లలేదు. సాయంత్రం నాలుగో ప్రయోగంగా అదే స్పీకరులో డేగ అరుపు పెడితే క్షణంలో మేడ ఖాళీ అయింది.

గురువారం రోజంతా డేగ అరుస్తూనే ఉంది. వీధిలో కాకి అన్నది కనిపించలేదు. అత్తాకోడళ్లు కూర్చుని మూడు వందలూ ఒత్తి ఎండబెట్టారు. ధనరాజు నాలుగో ప్రయోగం పక్కన 'విజయం' అని రాసి, కింద రెండు గీతలు గీశాడు.

శుక్రవారం అతని తండ్రి తద్దినం. మేడ మీద ఒక పక్క అప్పడాలకు చివరి ఎండ, ఇంకో పక్క ఆకులో పిండం. కాకి ముట్టాకే ఇంట్లో ఎవరైనా తినాలి. పన్నెండయింది, రెండయింది, కాకి జాడ లేదు. దిగపహండి నుంచి వచ్చిన చుట్టాలు ఖాళీ విస్తళ్ల ముందు కూర్చుని ధనరాజు వైపే చూస్తున్నారు. చక్కెర జబ్బున్న కాసమ్మకు కళ్లు తిరుగుతున్నాయి.

"అమ్మా, నువ్వయినా రెండు ముద్దలు తిను."

"మీ అయ్య తినకండా నానెలా తింతాన్రా? ఆయన్ని తరిమీసింది నువ్వే గదా," అంది కాసమ్మ.

ధనరాజుకు మూడో ప్రయోగంలోని కాకి అరుపు గుర్తొచ్చింది. స్పీకరు చేతిలో పట్టుకుని అప్పడాల వైపు చూశాడు. నొక్కడానికి చెయ్యి రాలేదు.

"పెట్టీండి," అంది కుమారి. "అత్త పడిపోతే ఈ అప్పడాలు ఏటి సేసుకుంటాను?"

ధనరాజు నొక్కాడు. ఆమె అప్పడాలు సగం ఎత్తేలోగానే కాకులు దిగిపోయాయి. పిండం వైపు ఒక్కటీ తల తిప్పలేదు, అన్నీ నేరుగా అప్పడాల మీదే పడ్డాయి. సరిగ్గా అప్పుడే లోకనాథ్ మెట్లెక్కి వచ్చాడు. కుమారికి కళ్లనీళ్లు ఆగలేదు. ఆ ఏడుపుతోనే ఒక అప్పడం తీసి పిండం మీద పెట్టింది. ఒక కాకి వచ్చి, అప్పడంతో పాటు నాలుగు మెతుకులు కూడా ముక్కున కరుచుకుని పోయింది. కింద వడ్డన మొదలైంది.

లోకనాథ్ ఆ కాకి ఎగిరిపోయిన వైపు చూసి, మిగిలిన అప్పడాలు లెక్కపెట్టాడు.

"మా నాన్న తద్దినం సోమారం. పోయినేడు కాకి కోసం సందేళ దాకా కూకున్నాం," అన్నాడు. "మిగిలినవన్నీ నాకిచ్చీ, కుమారమ్మా. పెతి వారం కావాల. తద్దినాలోళ్లు మా కొట్టుకి శానామంది ఒస్తారు."

సాయంత్రం ధనరాజు నాలుగో ప్రయోగం పక్కనున్న 'విజయం' కొట్టేసి, మూడోదాని పక్కన రాసుకున్నాడు. కుమారి ఆ పుస్తకం లాక్కుని, మొదటి పేజీలో 'సమస్య' కొట్టేసి 'గిరాకీ' అని రాసింది.