గోడవారగా లైను

ఆరింటికి కసరత్తు, ఎనిమిదింటికి డాక్టరు సంతకం, పదింటికి ప్రోతరాపూర్ బస్సు. సత్యారావు ఆ ఉదయానికి వేసుకున్న లెక్క అంతే. మర్నాడు భార్య ఎరుకమ్మ సంవత్సరీకం. తను ఇల్లు చేరకపోతే పిండం పెట్టే దిక్కు లేదు.

ఆమె పోయాక అతను తిండి మానేశాడు, నిద్ర మానేశాడు, చివరికి పలకరించడానికి వచ్చినవాళ్ల మీద కట్టెపేళ్లు విసిరాడు. కూతురు స్వాతి మానసిక వైద్యం వార్డులో చేర్పించింది. డాక్టరు పృథ్వీ ఒకటే షరతు పెట్టాడు. పది రోజులు అందరితో కలిసి కసరత్తు చెయ్యాలి, ఒక్కరోజు తప్పినా మళ్లీ ఒకటి నుంచి. చాతం రంపపు మిల్లులో నలభై ఏళ్లు దుంగలు దొర్లించినవాడికి చేతులూపడం నేర్పిస్తారట. తొమ్మిది రోజులు సత్యారావు చేతులు భుజం దాటి లేవలేదు. నోరు అసలే లేవలేదు.

పదో రోజు వార్డు పెరట్లో సిమెంటు వేస్తున్నారు. కసరత్తు చేయించే వీరేంద్ర పదిమంది రోగులనూ గేటు బయటికి తెచ్చి, గోడవారగా ఒకరి వెనక ఒకరిని నిలబెట్టాడు. చిట్టచివర సత్యారావు.

ఆ రోడ్డులోనే కాస్త అవతల ఓడ టికెట్ల ఆఫీసు ఉంది. వైజాగ్ ఓడకు టికెట్లు ఎప్పుడిస్తారో దేవుడికి కూడా తెలియదు. అందుకని ఈ దీవుల్లో మనిషికి లైను కనబడితే ముందు నిలబడతాడు, తర్వాత అడుగుతాడు. చౌల్దారీ నుంచి సంచితో వచ్చిన అచ్చమ్మ అలాగే సత్యారావు వెనక నిలబడి అడిగింది.

"భయ్యా, వైజాగ్ ఓడకేనా?"

"నాకు తెల్దు. నిలబడమన్నారు, నిలబడ్డాను."

టికెట్ల లైన్లో ఎవరైనా చెప్పే మాట అదే కాబట్టి ఆమెకు నమ్మకం కుదిరింది. ఆమె వెనక ఇద్దరు, వాళ్ల వెనక పదిమంది, వాళ్ల వెనక ఇంకెందరో చేరారు. టీకి వెళ్లినవాళ్లు తమ బదులు చెప్పులు పెట్టి వెళ్లారు. వీరేంద్ర "హాథ్ ఊపర్" అన్నాడు. చెయ్యెత్తినవాళ్లనే లెక్కపెడుతున్నారని అచ్చమ్మ వెనక్కి కబురందించింది. అరవైమంది చేతులెత్తారు. నవ్వమంటే నవ్వారు. ఊరికి ఆరోగ్యం మీద శ్రద్ధ పుట్టిందని వీరేంద్ర మురిసిపోయాడు.

లోపలికి పదమన్నప్పుడు సత్యారావు కసరత్తుకని విడిచిన చెప్పుల కోసం వంగాడు. అచ్చమ్మ అతన్ని దాటి దూరిపోయింది. ఆ రోజే పనిలో చేరిన కాపలాదారు అప్పలరాముడు పది తలలు లెక్కపెట్టి గేటుకు తాళం వేశాడు.

"నేను పేషెంటుని. తియ్యి."

ఓడలో రోగులకు ముందు టికెట్టిస్తారు. ఆ మాట చెవిన పడగానే వెనకున్న వాళ్లందరూ రోగులైపోయారు. ఒకడికి మోకాలు, ఒకడికి గుండెదడ, ఒకావిడకు అన్నీ.

"పేషెంట్లు పదిమందే," అన్నాడు అప్పలరాముడు. "ఇక్కడ యాభైమంది ఉన్నారు. నన్నేటి సెయ్యమంటావు?"

ఎదురుగా ఏడింటి ప్రోతరాపూర్ బస్సు ఆగింది. ఎక్కితే అరగంటలో ఇల్లు. సంతకం లేకుండా ఎక్కితే సాయంత్రానికి జీపులో మళ్లీ వార్డు, మళ్లీ ఒకటో రోజు. బస్సు వెళ్లిపోయింది.

లోపల డాక్టరు సత్యారావుదైన నాలుగో మంచం దగ్గరికి వచ్చేసరికి, ఓడలో పడుకునే బంకు నంబరు ముందే ఇచ్చేశారనుకుని అచ్చమ్మ సంచి తలకింద పెట్టుకుని పడుకుని ఉంది. కాగితాల మీంచి తలెత్తకుండానే నిద్ర పడుతోందా అని అడిగాడు. రెండు రాత్రులైందంది. దేనికి బెంగ అంటే టికెట్టు కోసమంది. అప్పుడుగాని సత్యారావు కనబడలేదని ఎవరికీ తట్టలేదు.

గేటు దగ్గర జనం తోపులాడుతున్నారు. ఊచలు వంగుతున్నాయి. ఆ ఒత్తిడిలో నలుగుతూ సత్యారావు, రంపం హోరును మించి అరిచే మిల్లు గొంతుతో, రెండు చేతులూ ఆకాశానికెత్తాడు.

"హాథ్ ఊపర్. సాన్స్ అందర్. ఎత్తనోడి పేరు కొట్టేస్తారు."

అందరూ ఎత్తారు. చేతులు పైనుంటే తొయ్యడం కుదరదు. గేటు నిలిచింది. డాక్టరు పరుగున వచ్చి, యాభైమంది కళ్లు మూసుకుని ఊపిరి పీలుస్తుండగా చూశాడు.

"సత్యారావు గారూ, తొమ్మిది రోజులూ మీ చెయ్యి లేవలేదు కదండీ."

"ఇవాళ పని పడింది."

డాక్టరు అక్కడే, గోడకు కాగితం ఆనించి సంతకం పెట్టాడు. అచ్చమ్మను వెళ్లమంటే, దొరికిన బంకు వదలనంది.

సత్యారావు కాగితం మడిచి జేబులో పెట్టుకుని బస్సు కోసం నడిచాడు. గోడవారగా లైను ఇంకా పెరుగుతోంది. కొత్తగా వచ్చినవాడు ఇది దేనికని అడిగాడు.

"ఇంటికెళ్లడానికి."

ఆ మనిషి చెప్పులు విడిచి లైన్లో పెట్టాడు.