మేకుకు వేలాడే భద్రత

మా గనిలో ఇంతవరకూ ఒక్క భద్రతా బిళ్ళకు కూడా చిన్న గీత పడలేదని సగర్వంగా మనవి చేసుకుంటున్నాను! ఆ ఘనత అంతా ఒక మేకుది.

నేను భూగర్భంలో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. మా దగ్గర బొగ్గు కోసే యంత్రం ఒకటుంది. బస్సంత ఉంటుంది, రిమోట్‌తో నడుస్తుంది. అది పక్కకు తిరిగేటప్పుడు గోడకీ దానికీ మధ్య ఎవడైనా ఉంటే వాడి పని అంతే. అందుకని కంపెనీవారు అందరి నడుముకీ తలా ఒక బిళ్ళ ఇచ్చారు. బిళ్ళ కట్టుకున్నవాడు దగ్గరికొస్తే యంత్రం కుయ్యోమని అరిచి, టక్కున ఆగిపోతుంది.

ఆగిపోతుందండీ! మనిషి అడ్డొచ్చాడని పని ఆగడం ఎక్కడైనా విన్నారా? ఇలా అయితే టార్గెట్ ఏ గంగలో దూకాలి?

అందుకే దారి మలుపులో నా చేతులతో నేనే మేకు కొట్టాను. షిఫ్ట్ మొదలవగానే అందరూ బిళ్ళలు విప్పి దానికి తగిలిస్తారు. మనుషులంతా దూరంగా ఉన్నారనుకుని యంత్రం నిశ్చింతగా తిరుగుతుంది. ఎంత ప్రశాంతత!

"రిమోట్ ఇచ్చింది దూరంగా నిలబడమనే కదా?" అంటారు కొందరు మేధావులు. దూరం నుంచి యంత్రం పళ్ళు ఎక్కడ కొరుకుతున్నాయో వీళ్ళ తాత వచ్చి చూస్తాడా? మావాళ్ళు గోడకు కరుచుకుని నిలబడే నడుపుతారు. పనంటే అంత ప్రేమ!

పైకప్పుకు బోల్టులు బిగించే బాబాయికి ఆమధ్య ఆ యంత్రం కింద పాదం నలిగింది. "పాదమేగా బాబాయ్!" అని ధైర్యం చెప్పాను.

"అవును సార్. బిళ్ళకేం కాలేదు కదా?" అన్నాడు. వెటకారం కాకపోతే ఏమిటి?

మొన్న మా అల్లుడు ఆ యంత్రం మీదే ఆపరేటర్‌గా చేరాడు. వినయం గలవాడు, అందరితోపాటు మేకు దగ్గరకు వెళ్ళాడు. పరుగెత్తి చెయ్యి పట్టుకున్నాను.

"బాబూ, అది తియ్యకండి! ఆగితే ఆగనివ్వండి. బొగ్గెక్కడికి పోతుంది?"

అందరూ విన్నారు. కుంటుకుంటూ బాబాయి ముందుకొచ్చాడు.

"మా మామలు ఇన్‌ఛార్జులు కాకపోయె. మా జాగ్రత్త మేమే చూసుకుంటాం సార్" అని మేకు మీంచి తన బిళ్ళ తీసి నడుముకు కట్టుకున్నాడు. చూస్తుండగానే మేకు ఖాళీ అయింది.

ఆ రోజు యంత్రం ఎన్నిసార్లు ఆగిందో చెప్పలేను. ఆగిన ప్రతిసారీ గోడ పక్కన ఎవరో ఒకరి అల్లుడు నిలబడే ఉన్నాడు. టార్గెట్ సర్వనాశనం!

మేకును మాత్రం పీకించలేదు. మా అల్లుడి బదిలీకి అర్జీ పెట్టాను. అతను వెళ్ళిపోయాక మళ్ళీ పనికొస్తుంది.